‘ఒయిషింబో’ మాంగాలో ఆహార ప్రతీకలు – పాత్రల సంబంధాలు

ప్రతీక అనగానే చాలామంది విద్యార్థులు మనసులో ఒక పట్టిక గీసుకుంటారు. దీపం అంటే జ్ఞానం, ముల్లు అంటే కష్టం, నది అంటే జీవితం. ఎడమవైపు వస్తువు, కుడివైపు అర్థం. దాన్ని కంఠస్థం చేస్తే ప్రతీకల పాఠం పూర్తయినట్టే. జవాబు పత్రాలు దిద్దిన ఇన్నేళ్లలో ఇలాంటి పట్టికలు నేను లెక్కలేనన్ని చూశాను, మార్కులు కూడా వేశాను. ఆ అలవాటును కొంచెం కదిలించాలన్నది ఈ పాఠం ఉద్దేశం. అందుకు ఒక జపాను వంటల చిత్రకథను తీసుకున్నాను. దాని పేరు ‘ఒయిషింబో’.

ఈ కథలో ఏ వంటకానికీ స్థిరమైన అర్థం ఉండదు. ఒకే రకమైన శ్రేష్ఠమైన భోజనం ఒకచోట అవమానంగా, ఒకచోట ఆప్యాయతగా, మరొకచోట హింసగా కనిపిస్తుంది. ఎవరు వండారు, ఎవరికోసం వండారు, తినేవారికి ఏది గుర్తుకొచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు దొరికేవరకు ఆ పళ్లెంలో ఉన్నది పదార్థమే, ప్రతీక కాదు. పాఠం చదువుతున్నంతసేపూ ఈ మాటను దగ్గర పెట్టుకోండి.

రచన నేపథ్యం

మాంగా అంటే జపాను భాషలో వెలువడే చిత్రకథ. మనకు చిత్రకథలంటే పిల్లల పుస్తకాలు గుర్తుకొస్తాయి. జపానులో అలా కాదు. పిల్లలకు, యువతులకు, ఉద్యోగాలు చేసుకునే పెద్దలకు వేరువేరు మాంగా పత్రికలున్నాయి. కథలు ముందుగా వాటిలో ధారావాహికంగా వచ్చి, తరువాత సంపుటాలుగా వెలువడతాయి. మూలంలో గడులను కుడి నుంచి ఎడమకు చదవాలి.

వంటను పోటీగా చూపే మాంగాలు 1970ల నుంచే ఉన్నాయి. 1973లో బాలుర పత్రికలో మొదలైన ‘హోచోనిన్ అజిహెయి’ వాటిలో ప్రసిద్ధమైనది. ‘ఒయిషింబో’ 1983లో షోగాకుకాన్ సంస్థవారి ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ పత్రికలో ప్రారంభమైంది. ఇది పెద్దల పత్రిక. రచన కరియా తెత్సు, బొమ్మలు హనసాకి అకిరా. రుచికరమైనది అనే అర్థమున్న ‘ఒయిషీ’, తిండిపోతు అనే అర్థమున్న ‘కుయిషింబో’ అనే రెండు మాటలను కలిపి ఈ పేరు పుట్టించారు. ఇప్పటికి 111 సంపుటాలు వచ్చాయి, పది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. జపాను చేతిలో డబ్బు పుష్కలంగా ఆడుతున్న రోజుల్లో, ఖరీదైన విదేశీ భోజనం హోదాకు గుర్తుగా మారుతున్న కాలంలో ఈ కథ మొదలైందన్నది గుర్తుంచుకోవాలి. తొలి సంపుటాల్లోని కోపానికి మూలం అక్కడే ఉంది.

కథ సంగ్రహంగా

తోజాయ్ అనే వార్తాపత్రిక తన నూరేళ్ల పండుగకు ‘పరమావధి మెనూ’ ఒకటి తయారుచేయాలని నిర్ణయిస్తుంది. రాబోయే తరాలకు అందించదగిన వంటకాల సంకలనం అది. ఆ బాధ్యత సాంస్కృతిక విభాగంలోని ఇద్దరి మీద పడుతుంది. ఒకడు యమవోకా షిరో. ఆఫీసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోయే బద్ధకస్తుడు, గుర్రప్పందాల పిచ్చివాడు. రెండో వ్యక్తి కొత్తగా ఉద్యోగంలో చేరిన కురితా యూకో.

షిరోకు ఒక గతం ఉంది. అతని తండ్రి కైబారా యూజన్ కుండల కళలో, చిత్రలేఖనంలో, దస్తూరీలో, అన్నిటికీ మించి భోజన కళలో దేశం తలవంచి నమస్కరించే మహా కళాకారుడు. ‘బిషోకు క్లబ్’ అనే భోజన సంఘానికి అధిపతి. భార్య వండినదాంట్లో ఏమాత్రం లోపం కనిపించినా పళ్లెం తోసేసి మళ్లీ వండించేవాడు. ఆరోగ్యం బాగాలేని ఆ తల్లి అలా వండుతూ వండుతూనే పోయిందని కొడుకు నమ్మకం. ఆమె మరణం తరువాత ఇంట్లో ఉన్న తండ్రి కళాఖండాలను పగలగొట్టి, చింపి, అతను ఇల్లు వదిలేశాడు. తండ్రి ఇంటిపేరు కూడా వదులుకొని తల్లి పుట్టింటి పేరు యమవోకా పెట్టుకున్నాడు.

పోటీ పత్రిక తెయితో ఊరుకోదు. ‘సర్వోన్నత మెనూ’ పేరుతో అలాంటి ప్రయత్నమే మొదలుపెట్టి, దాన్ని యూజన్ చేతిలో పెడుతుంది. ఇక అక్కడినుంచి తండ్రీ కొడుకులు ఒకరికొకరు ఎదురుగా కూర్చునేది వంటకాల పోటీలోనే. మామూలుగా మాట్లాడుకోవడం వారికి చేతకాదు. పాతికేళ్లపాటు వారి మధ్య ఉత్తరాలు నడవలేదు, పళ్లేలు నడిచాయి.

యూజన్ పాత్రకు వెనుక ఒక చారిత్రక వ్యక్తి నీడ ఉంది. కితావోజి రోసన్‌జిన్ (1883–1959) కుండల కళాకారుడు, దస్తూరీకారుడు, భోజనప్రియుడు. ఆయన 1921లో నిజంగానే బిషోకు క్లబ్ అనే పేరుతో ఒక సంఘం నడిపాడు. 1925లో తోక్యోలో ‘హోషిగావోకా సార్యో’ అనే ప్రఖ్యాత భోజనశాలను ప్రారంభించాడు. తన వంటకు తగిన పాత్రలు దొరకడం లేదని పాత్రలు కూడా తానే తయారుచేసుకున్నాడు. తండ్రి ఆయన పుట్టకముందే చనిపోయాడు, బాల్యమంతా పెంపుడు ఇళ్లలో గడిచింది. ఆ వివరం తెలిశాక యూజన్‌ను చూస్తే, మెతుకు మెతుకునూ పరీక్షించే ఆ మనిషి ఆకలి కేవలం నాలుకది కాదేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ. కథలోని యూజన్‌కు రోసన్‌జిన్ బాల్యాన్ని రచయిత అంటగట్టలేదు.

నీళ్లు, తోఫు, చేప కాలేయం

మొదటి అధ్యాయంలో పత్రిక యాజమాన్యం ఉద్యోగులకు ఒక పరీక్ష పెడుతుంది. వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన నీళ్లు, వేరువేరు చోట్ల తయారైన తోఫు రుచి చూసి ఏది ఏదో చెప్పాలి. మహారాజ భోజనం గురించి ముప్పై ఏళ్లు నడవబోయే కథ మంచినీళ్లతో మొదలవడం గమనించండి. తోఫు అంటే సోయా పాలను విరగ్గొట్టి గడ్డకట్టించిన పదార్థం, చూడటానికి పనీర్‌లా ఉంటుంది. దానిలో అధికభాగం నీరే. నీరు బాగుంటేనే తోఫు బాగుంటుంది. దాచుకోవడానికి మసాలా ఉండదు, రంగు ఉండదు.

ఆ పరీక్షలో నెగ్గినది ఇద్దరే, షిరో, యూకో. షిరో నెగ్గడంలో వింత లేదు, యూజన్ ఇంట్లో పెరిగినవాడు. యూకోకు అలాంటి శిక్షణ ఏదీ లేదు. కథ మొదట్లోనే రచయిత ఇలా ఒక ముఖ్యమైన సంగతి చెప్పేశాడు. నాలుక తండ్రి ఇచ్చిన ఆస్తి కాదు. షిరో తన ప్రతిభను తండ్రి వేసిన శిక్షగా భావిస్తాడు. అదే ప్రతిభ పక్కనున్న అమ్మాయికి ఏ శిక్షా లేకుండా ఉంది. ఆ ఇద్దరి బంధానికి పునాది ఈ నీళ్ల గ్లాసులే.

ఆ వెంటనే వచ్చే ఘట్టం దీనికి పూర్తిగా భిన్నం. మెనూ కోసం పత్రికవారు పేరున్న భోజన విమర్శకులను పిలిపిస్తారు. వారిలో ‘ఫ్వా గ్రా’ ప్రస్తావన వస్తుంది. బాతులకు బలవంతంగా మేత పెట్టి పెంచిన కాలేయంతో ఫ్రెంచివారు చేసే ఖరీదైన వంటకం అది. ప్రపంచంలో దానికి మించినది లేదని వారి తీర్పు. షిరో వారిని ఎగతాళి చేసి, అంతకన్నా మంచిది తినిపిస్తానని సవాలు విసురుతాడు. తెచ్చినది ‘అంకిమో’, అంటే అంకో అనే సముద్రపు చేప కాలేయం. అప్పుడే పట్టిన చేపది, ఆవిరి మీద ఉడికించినది. రుచి చూసినవారు నోరు మెదపలేకపోతారు.

ఇక్కడ పట్టిక పద్ధతిలో జవాబు రాస్తే ‘ఫ్వా గ్రా విదేశీ వ్యామోహానికి, అంకిమో స్వదేశీ గౌరవానికి ప్రతీక’ అని ఒక వాక్యం వస్తుంది. తప్పు కాదు, కాని అది సగం జవాబే. షిరో ఎవరిమీదా ప్రేమతో ఆ కాలేయాన్ని వడ్డించలేదు. ఎదుటివారి తల వంచడానికి వడ్డించాడు. వాక్యాల్లో ఆ వెటకారం, ఆ నిలుచునే తీరు, ముఖం మీద ఆ చిరాకు ఎవరివో తరువాతి అధ్యాయాల్లో యూజన్ ప్రత్యక్షమైనప్పుడు తెలుస్తుంది. తండ్రిని ద్వేషిస్తూ ఇల్లు వదిలిన కొడుకు తండ్రి గొంతుతోనే మాట్లాడుతున్నాడు. అంకిమో రుచి ఎంత గొప్పదైనా, ఆ బల్ల దగ్గర ఎవరికీ ఎవరితోనూ స్నేహం కలగదు.

అయు చేప కన్నీళ్లు

ఈ రచనలో నాకు బాగా నచ్చిన ఘట్టం క్యోగొకు అనే సంపన్న వృద్ధుడికి సంబంధించినది. జపాను అభిమానులకు కూడా ఇది బాగా తెలిసిన ఘట్టం. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ‘అయు’ చేప గురించి కొంత తెలియాలి.

అయు నదిలో పెరిగే చిన్న చేప. సాధారణంగా ఒక్క ఏడాదే బతుకుతుంది. నదిలోని రాళ్లకు పట్టిన నాచును గీరుకొని తింటుంది. అందుకే దాని మాంసానికి ఒక ప్రత్యేకమైన పరిమళం ఉంటుంది. జపాను లిపిలో దానికి ‘సువాసన చేప’ అని, ‘ఏడాది చేప’ అని కూడా రాతలున్నాయి. నీరు మారితే నాచు మారుతుంది, నాచు మారితే చేప వాసన మారుతుంది. ఒక్కమాటలో, అయు తన నదిని తన ఒంట్లో మోసుకొని వస్తుంది.

షిరో, యూజన్ ఇద్దరూ అయు చేపనే టెంపురాగా వేయించి వడ్డిస్తారు. షిరో తెచ్చినది తక్కువరకం కాదు. నాణ్యత ప్రకారం వంక పెట్టడానికి లేదు. యూజన్ తెచ్చిన చేప తింటూ క్యోగొకు కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఇంత గొప్ప వస్తువు తినిపించారా అని పొంగిపోయి, దీనిముందు షిరో చేప ఎందుకూ పనికిరాదని మొహం మీదే చెప్పేస్తాడు. కారణం ఏమిటంటే, యూజన్ ఆ చేపను షికోకు దీవిలోని షిమాంతో నది నుంచి తెప్పించాడు. క్యోగొకు పుట్టి పెరిగింది ఆ నది పక్కనే.

షిరో ‘ఏ అయు శ్రేష్ఠం’ అని ఆలోచించాడు. యూజన్ ‘ఎవరు తింటారు’ అని ఆలోచించాడు. మన అలంకారశాస్త్రంలో దీనికి ఔచిత్యం అన్న మాట ఉంది. సందర్భానికి తగకపోతే ఎంత అందమైన ఆభరణమైనా దోషమే అవుతుందన్నది దాని సారం. ఆ మాటకొస్తే భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో వివరించడానికి భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. కావ్యాన్ని వంటతో పోల్చడం మనకు కొత్త కాదు. వంటను కావ్యంలా చదవడమే ఇక్కడ మనం చేస్తున్న పని.

ఈ ఘట్టంలో చాలామంది గమనించని ఒక విషయం ఉంది. ఎవరో వృద్ధుడు చిన్నప్పుడు ఏ నది చేప తిన్నాడో కనుక్కోగలిగిన మనిషి, కళ్లెదుట నిలుచున్న కన్నకొడుకు చిన్నప్పుడు వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఏం చూశాడో ఎప్పుడైనా కనుక్కున్నాడా? అతిథి జ్ఞాపకానికి యూజన్ ఇచ్చిన గౌరవం ఇంట్లోవారి జ్ఞాపకానికి అందలేదు. షిరో ఓడిపోయి లేచి వెళ్లిపోయేది చేప విషయంలో ఓడినందుకే అనుకుంటే ఆ గడులను సగమే చదివినట్టు.

ఏరిన బియ్యం

మరొక పోటీలో వస్తువులు ఇంకా సాధారణం. అన్నం, ఆల్చిప్పల మిసో పులుసు, అంతే. మిసో అంటే సోయాగింజలను పులియబెట్టి చేసే ముద్ద. జపానువారి రోజువారీ భోజనానికి ఇంతకన్నా చిన్న రూపం లేదు. షిరో మంచి బియ్యం, మంచి మిసో, మంచి పొయ్యి, చేయి తిరిగిన వంటవాడు అన్నీ సమకూర్చుకుంటాడు. యూజన్ పక్షాన వండినవాడు పేరు మోసిన వంటవాడు కాదు, ఒక సామాన్య వృద్ధుడు. అయినా అతని అన్నమే గెలుస్తుంది.

ఎలా గెలిచిందన్నది ఈ రచన మొత్తానికి తాళంచెవి లాంటిది. ఆ వృద్ధుడు బియ్యాన్ని గింజ గింజగా ఏరి, ఒకే పరిమాణంలో ఉన్నవాటినే వండాడు. ఆల్చిప్పలను కూడా ఒకే పరిమాణంవే ఎంచాడు. చిన్న గింజ ముందు ఉడుకుతుంది, పెద్ద గింజ వెనకపడుతుంది, కొన్ని మెత్తబడి కొన్ని పలుకుగా మిగులుతాయి. అన్నీ సమానమైతే కుండలో ప్రతి మెతుకూ ఒకే క్షణాన సిద్ధమవుతుంది. మంత్రమేమీ లేదు, ఓపిక ఉంది. పోటీలో చెప్పే మాట ‘అతిథిని ఆదరించే మనసు’.

అక్కడ పనిచేసిన శ్రమ కనిపించదు. తినేవాడికి కనిపించేది తెల్లటి అన్నమే. ఏరిపారేసిన గింజలు, వంగిన వీపు, అలసిన కళ్లు గిన్నెలోకి రావు. హనసాకి బొమ్మల్లో ఒక పద్ధతి ఉంది. మనుషుల ముఖాలను నాలుగు గీతల్లో సరళంగా వేస్తాడు, వంటకాన్ని మాత్రం ఫోటో అన్నంత వివరంగా గీస్తాడు. అందువల్ల పాఠకుడి చూపు ముందు వంటకం మీద ఆగి, ఆ తరువాతే దాని వెనుకనున్న మనిషిని వెతుక్కుంటుంది. అన్నం ఘట్టంలో ఈ పద్ధతి చాలా బాగా పనిచేసింది.

ఇప్పుడు తల్లి దగ్గరికి వద్దాం.

వంటగదిలోని తల్లి

గింజ గింజా ఏరిన వృద్ధుడిని మెచ్చుకున్నాం. అదే శ్రద్ధ, అదే ఓపిక షిరో తల్లి నుంచి యూజన్ రోజూ రాబట్టాడు. వృద్ధుడు ఇచ్చాడు, ఆమె నుంచి తీసుకున్నారు. చేసిన పని ఒకటే, వచ్చిన అన్నం కూడా బహుశా ఒకటే. ఒకచోట అది ఆతిథ్యం, ఇంకొకచోట దాన్ని ఏమనాలన్నదే ఈ కథలోని అసలు తగవు.

షిరో దృష్టిలో అది హత్య. తరువాతి సంపుటాల్లో మరో కథనం మెల్లగా ముందుకు వస్తుంది. ఆ దంపతుల మధ్య గాఢమైన అనురాగం ఉండేదని, యూజన్ కళకు ఆమె వంట సగభాగమని, భర్త కఠినత్వాన్ని ఆమె తనమీద ఉంచిన నమ్మకంగా తీసుకుందని, కొడుకు చిన్నతనంలో చూసింది పూర్తి నిజం కాదని పెద్దలు చెబుతారు. పాఠకుడు యూజన్‌ను క్షమించడానికి రచయిత ఇలా దారి వేస్తాడు.

కొన్నేళ్ల కిందట ఒక సంపర్క తరగతిలో ఈ భాగం చెబుతుంటే వెనుక బెంచీలోంచి ఒకామె లేచి, “ఆమె సంతోషంగా ఉందని చెప్పింది ఆమె కాదు కద సార్, మిగతావాళ్లు” అన్నారు. ఆమె పక్కనే హోటల్ వంటగదిలో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒకతను, “మేం కూడా ఒక్కోరోజు అదే కూర మూడుసార్లు చేస్తాం సార్. కాకపోతే మాకు జీతం ఇస్తారు” అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను ఆ రోజు చెప్పదలచిన పాఠం పక్కనపెట్టి మిగిలిన గంట ఆ రెండు మాటల మీదే చర్చ నడిపాను. ఇప్పటికీ నా అభిప్రాయం వారిద్దరి పక్షమే. తల్లి కథ మనకు ప్రధానంగా ఇతరుల జ్ఞాపకాల గుండా వస్తుంది. ఆమె మనసు తెలుసుకోవడానికి అది సరిపోదు. రచయిత యూజన్‌కు వేసిన దారిని కళాపరంగా ఒప్పుకోవచ్చు, సాక్ష్యంగా ఒప్పుకోవడం కష్టం.

ఇక్కడ ఒక వ్యాఖ్యానం రాయాలన్న ఆశ కలుగుతుంది. జపాను వంటకు మూలం ‘దషి’ అనే చారు. కొంబు అనే ఎండిన సముద్రపు నాచును, కత్సువోబుషి అనే ఎండబెట్టి పొగపట్టిన చేప తురుమును నీళ్లలో సారం దిగేలా ఉంచి, ఆ రెంటినీ వడగట్టి తీసేస్తారు. వాటి రుచి గిన్నెలో ఉంటుంది, అవి ఉండవు. తల్లి కూడా అంతే కదా, ఈ కథలో ప్రతి వంటకంలో ఆమె రుచి ఉంది, ఆమె లేదు! చూడటానికి బాగుంది. నేను కూడా ఒకప్పుడు ఇలాగే రాశాను. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, దషికి ఆ అర్థం కథ ఇచ్చింది కాదు, నేను ఇచ్చింది. దషి సంగతి తెలిసిన ఏ జపాను కథకైనా దీన్ని అతికించవచ్చు. షిమాంతో అయుకు వచ్చిన అర్థం అలాంటిది కాదు, క్యోగొకు కన్నీళ్లు లేకుండా అది నిలవదు. ప్రతీకను పాఠ్యంలో కనుక్కోవడానికి, పాఠ్యం మీద తగిలించడానికి ఉన్న తేడా ఇది. మీ వ్యాసాల్లో ప్రతి ప్రతీక దగ్గరా ఈ పరీక్ష పెట్టుకోండి.

యూకో స్థానం

తండ్రీ కొడుకుల మధ్య రాకపోకలు సాగించేది యూకో. యూజన్ ఆమెను గౌరవంగా చూస్తాడు. కొడుకుతో చెప్పలేని మాటలు ఆమె ముందు పరోక్షంగా చెబుతాడు. షిరో ఓడినప్పుడు ఎందుకు ఓడాడో ముందుగా ఆమెకే అర్థమవుతుంది. యూజన్ పెట్టే ప్రతి ఓటమిలోనూ ఒక పాఠం దాగి ఉందని, శత్రువును ఎవరూ అంత శ్రద్ధగా ఓడించరని ఆమె గ్రహిస్తుంది.

షిరో, యూకోల పెళ్లి 47వ సంపుటంలో జరుగుతుంది. పెళ్లి విందు కూడా రెండు మెనూల పోటీగానే నడవడం ఈ కథ స్వభావానికి తగినట్టే ఉంది. పెళ్లి తరువాత యూకో పాత్ర బలపడిందని కొందరు, కుటుంబాన్ని కలిపే కోడలి పాత్రకు కుదించుకుపోయిందని కొందరు అంటారు. రెండో వాదంలో పస ఉందని నేననుకుంటాను. నీళ్ల గ్లాసుల పరీక్షలో షిరోకు సమానంగా నిలిచిన నాలుక ఆమెది. ఆ నాలుకతో ఆమె సొంతంగా గెలిచిన పోటీలకన్నా, ఇద్దరు మగవాళ్ల మధ్య మోసిన కబుర్లే కథలో ఎక్కువ చోటు తీసుకున్నాయి.

వేరే ఇళ్ల వంటగదులు

పోటీ లేకుండా కూడా వంటల మాంగా సాగుతుందని తరువాతి రచనలు చూపాయి. యోషినాగా ఫుమి 2007లో ప్రారంభించిన ‘కినో నాని తబేతా?’ (నిన్న ఏం తిన్నావు?) లో షిరో అనే న్యాయవాది, కెంజి అనే క్షురకవృత్తివాడు ఒకే ఇంట్లో దంపతుల్లా జీవిస్తుంటారు. ఆ షిరో పొదుపరి. కథ మొదట్లో నెల తిండి ఖర్చు 25,000 యెన్లు దాటనివ్వడు. తక్కువ ధరకు దొరికిన కూరగాయతో సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు రకాలు వండుతాడు. తన బంధం గురించి బయట నోరు విప్పలేని మనిషికి ఆ వంటే ఒక మాట. ‘అమాఅమా తో ఇనజుమా’ (2013–2019) లో భార్య పోయిన ఒక ఉపాధ్యాయుడు చిన్న కూతురికి వండి పెట్టడం నేర్చుకుంటాడు. అతనితోపాటు వండే విద్యార్థిని తల్లికి సొంత భోజనశాల ఉన్నా, తీరిక లేక కూతురితో కూర్చొని తినలేదు. వారు ముగ్గురూ మొదట వండేది మట్టికుండలో అన్నం. అక్కడ అన్నం ఎవరినీ ఓడించదు. పాప కుండ మూత తీసేదాకా ఆగలేకపోతుంది, అంతే.

ఈ రెంటినీ ‘ఒయిషింబో’ పక్కన పెడితే, ఏరిన బియ్యానికి, కుండలో ఉడికిన మామూలు బియ్యానికి రుచిలో తేడా ఉండవచ్చు, ప్రతీకగా ఏది బలమైనదో మీరే చర్చించండి.

రాజీ, ఆగిపోయిన కథ

2008లో వచ్చిన 102వ సంపుటంలో తండ్రీ కొడుకులు రాజీపడతారు. పాతికేళ్లు సాగిన వైరం ముగిసిందని జపాను పత్రికలు దాన్ని వార్తగా రాశాయి. కల్పిత పాత్రల రాజీ వార్త కావడం ఎంత అరుదో ఆలోచించండి.

కథ అక్కడితో ఆగలేదు. 2011 నాటి భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత రచయిత ఆ ప్రాంతాన్ని కథలోకి తెచ్చాడు. 2014 ఏప్రిల్‌లో వచ్చిన భాగంలో అణు విద్యుత్కేంద్రాన్ని చూసి వచ్చిన షిరోకు ముక్కునుంచి రక్తం కారుతుంది. దానికి రేడియేషనే కారణమన్న ధ్వని ఆ భాగాల్లో ఉందని ఫుకుషిమా పాలకులు, ఫుతాబా పట్టణంవారు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అక్కడి రైతుల పంటను, చేపను జనం మళ్లీ అనుమానంగా చూస్తారని వారి ఆవేదన. దాచిపెట్టిన నిజాన్ని చెప్పే హక్కు రచయితకు ఉందని మరికొందరు వాదించారు. ఆ ఏడాది మే నెలలో ధారావాహికను ఆపేశారు.

ఆహారాన్ని ప్రతీకగా వాడటంలో ఉన్న చిక్కు ఇక్కడ బయటపడింది. కథలో నది ఒక జ్ఞాపకం. బయట ఆ నది ఒడ్డున చేపలమ్ముకొని బతికే మనుషులుంటారు. షిమాంతో అయును పొగిడినప్పుడు ఎవరికీ నష్టం లేదు. ఒక నేలకు అనుమానం అంటించినప్పుడు ఆ నేలవాళ్లు రచయితను నిలదీశారు. ఎవరి పక్షం న్యాయమో తేల్చడానికి ఆరోగ్యశాస్త్రం కావాలి, సాహిత్య విమర్శ చాలదు.

చదవదలచినవారికి

‘ఒయిషింబో’ మొత్తం ఇంగ్లీషులో లేదు. 2009–2010 మధ్య ఎంపిక చేసిన భాగాలు ఏడు పుస్తకాలుగా వచ్చాయి. జపాను వంట, సాకే మద్యం, రామెన్, చేపలు, కూరగాయలు, అన్నం, చిరుతిళ్లు అన్న వరుసలో వాటిని ఆహారాన్నిబట్టి విభజించారు, కథాక్రమాన్నిబట్టి కాదు. అందువల్ల ఒక అధ్యాయంలో పెళ్లయి ఉన్న షిరో, యూకో తరువాతి అధ్యాయంలో కేవలం సహోద్యోగులుగా కనిపిస్తారు. తండ్రి మీద కోపం ఒకచోట చల్లబడి, పేజీ తిప్పగానే మళ్లీ రాజుకుంటుంది. మొదట నాకిది చికాకు కలిగించింది. వంటకాలు తెలిశాయి గాని మనుషులు తెలియలేదు. ఆ పుస్తకాలు దొరికితే ప్రతి అధ్యాయం పక్కన అది పెళ్లికి ముందుదో తరువాతదో, రాజీకి ముందుదో తరువాతదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. తరువాత ఆ క్రమంలో మళ్లీ చదవండి. అన్నం సంపుటంతో మొదలుపెడితే తేలిక.